‘పామ్’ అంటే అరచేయా, చెట్టా? ఒక మాట, దాని వెంట వచ్చే మాటలు

మీరు అనువదిస్తున్న ఇంగ్లీషు పాఠంలో ‘పామ్’ అనే మాట నాలుగు చోట్ల వచ్చిందని రాశారు. ఒక చోట అది పురాతన ఈజిప్టు కొలతల్లో ఒకటి, ఒక చోట గెలుపుకు గుర్తు, ఒక చోట నూనె పేరులో భాగం, చివరి చోట ‘పామర్’ అని ఒక మనిషిని పిలిచే మాట. నిఘంటువు తెరిస్తే అరచేయి, తాటిచెట్టు అని రెండే అర్థాలు కనిపించాయనీ, ఆ రెండింటినీ పట్టుకుంటే నాలుగు వాక్యాల్లో ఒక్కటీ కుదరలేదనీ, అసలు ఇది ఒకే పదమా లేక రెండు వేర్వేరు పదాలా అనీ అడిగారు. నేను చాలాకాలంగా అనువాదాలు సరిచూసే పనిలో ఉన్నాను. ఈ మాట దగ్గర చేయి తిరిగిన అనువాదకులు కూడా తడబడటం తరచుగా చూస్తుంటాను. అర్థాలు ఎక్కువగా ఉండటం వల్ల అలా జరుగుతోందని నేను అనుకోను. ఆ అర్థాల్లో ఏది ముందు పుట్టింది, ఏది దేని నుంచి వచ్చింది అనే క్రమం తెలియకపోవడమే అసలు ఇబ్బంది. అందువల్ల ముందు ఆ క్రమం చెప్పి, తరువాత మీ వాక్యాల దగ్గరకు వస్తాను.

మొదట చేయి, తరువాత చెట్టు. లాటిన్‌లో ‘పల్మా’ అంటే అరచేయి. చదునుగా పరచుకొని ఉండటం అనే భావం గల ప్రాచీన ధాతువు నుంచి అది పుట్టిందని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. గ్రీకులో అరచేతిని చెప్పే ‘పలమే’, పాత ఐరిష్‌లో చేతిని చెప్పే ‘లామ్’ దీనికి తోబుట్టువులు. వేళ్లు చాచిన చేయిలా ఆకు విప్పుకొని ఉండే చెట్టును కూడా రోమన్లు అదే మాటతో పిలిచారు. అంటే లాటిన్‌లో ఇది ఒకే పదం, చెట్టు అర్థం చేతి అర్థం నుంచి పోలికగా వచ్చింది.

అయితే ఇంగ్లీషులోకి ఈ పదం రెండు దారుల్లో వచ్చింది. చెట్టు పేరు క్రైస్తవ మతంతో పాటు నేరుగా లాటిన్ నుంచి పాత ఇంగ్లీషు కాలంలోనే చేరింది. చేతి అర్థం మాత్రం చాలా తరువాత, ఫ్రెంచి వారి ‘పోమ్’ ద్వారా మధ్యయుగంలో వచ్చింది. ఫ్రెంచి నోట్లో లకారం అప్పటికే కరిగిపోయింది కాబట్టి ఇంగ్లీషువారు మొదట దాన్ని లకారం లేకుండానే రాసేవారు. లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికి పండితులు ఆ అక్షరాన్ని రాతలో తిరిగి చేర్చారు గానీ ఉచ్చారణలో అది పూర్తిగా నిలవలేదు. మనం తెలుగులో ‘పామ్’ అని రాయడం ఆ ఉచ్చారణను బట్టే. ఇంకో విశేషం ఏమిటంటే, పాత ఇంగ్లీషుకు అరచేతిని చెప్పే సొంత మాట ‘ఫోల్మ్’ అని ఉండేది. అది కూడా ఇదే ప్రాచీన ధాతువు నుంచి వచ్చినదే. ఆ సొంత మాట వాడుకలోంచి పోయి, దూరపు బంధువైన ఫ్రెంచి మాట దాని స్థానంలో కూర్చుంది. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు ఇది: మూలంలో ఒకే పదం, ఇంగ్లీషులో రెండుసార్లు వేర్వేరుగా దిగుమతి అయిన పదం. కొన్ని నిఘంటువులు దీన్ని రెండు వేర్వేరు మాటలుగా చూపడానికి కారణం అదే. నేటి ఫ్రెంచి ఈ తేడాను రూపంలోనే నిలుపుకొంది: చేతికి ‘పోమ్’, మట్టకు ‘పల్మ్’, చెట్టుకు ‘పల్మియే’. నీటిలో ఈదేవారు పాదాలకు తొడుక్కునే రెక్కలను కూడా ఫ్రెంచివారు మట్ట పేరుతోనే పిలుస్తారు.

చెట్టుకు చేతి పేరు పెట్టడంలో ఒక చిక్కు ఉంది. దాన్ని విప్పితే ఈ పదకుటుంబంలో సగం మాటలు వాటంతట అవే అర్థమవుతాయి. ఖర్జూరం, కొబ్బరి, ఈత, పోక వంటి చెట్ల ఆకు చేతిలా ఉండదు. మధ్యలో పొడవైన ఈనె, దానికి రెండు వైపులా సన్నని ఆకులతో అది పక్షి ఈకలా ఉంటుంది. తాటి ఆకు అలా కాదు. కాడ చివర ఒకే చోట నుంచి మడతలు విచ్చుకొని, నిజంగానే వేళ్లు చాచిన అరచేయిని తలపిస్తుంది. వృక్షశాస్త్రంలో ఈ రెండో రకాన్ని ‘పామేట్’ అనీ, మొదటి రకాన్ని ఈకను చెప్పే లాటిన్ మాటతో ‘పిన్నేట్’ అనీ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటికి హస్తాకారం, పిచ్ఛాకారం అనే పేర్లు ఉన్నాయి, అవి చక్కగా కుదిరిన పేర్లు. పశ్చిమ మధ్యధరా తీరంలో, ఇటలీతో సహా, సహజంగా పెరిగే పొట్టి పామ్ ‘కేమిరాప్స్ హ్యుమిలిస్’ ఆకు హస్తాకారంలోనే ఉంటుంది. రోమన్ల కళ్ల ముందు ఉన్న చెట్టు అది కాబట్టి వారికి చేయి గుర్తుకు రావడంలో వింత లేదు. తరువాత వారు అదే పేరును ఖర్జూరానికీ చెప్పారు, ఆ పేరే మొత్తం కుటుంబానికి స్థిరపడింది.

‘పామేట్’ అనే విశేషణం పామ్ చెట్లకే పరిమితం కాదని గుర్తుంచుకోవాలి. బొప్పాయి ఆకు, పత్తి ఆకు, ఆముదపు ఆకు హస్తాకారంలోనే ఉంటాయి. వీటిలో ఆముదం దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. దాని ఆకును చేతిలోకి తీసుకొని చూస్తే, కాడ కలిసే బిందువు నుంచి ఈనెలు ఒక్కొక్క తమ్మెలోకి ఒక్కొక్కటిగా వెళ్లి, మణికట్టు నుంచి వేళ్లలోకి ఎముకలు చీలినట్లే కనిపిస్తుంది. సంస్కృతంలో ఆముదానికి ఉన్న పేర్లలో ‘పంచాంగుళం’ ఒకటి, అంటే అయిదు వేళ్లది. యూరప్‌లో అదే మొక్కను లాటిన్‌లో ‘పల్మా క్రిస్తీ’, అంటే క్రీస్తు అరచేయి, అని పిలిచారు. ఒకరి మాట ఒకరు విని పెట్టుకున్న పేర్లు కావివి. ఆ ఆకును చూసిన ఇద్దరికీ చేయే తోచింది. ఇంగ్లీషు పాత వైద్యగ్రంథాల్లో ‘పామా క్రిస్టి’ అని కనిపిస్తే దాన్ని ఏదో ఒక పామ్ చెట్టుగా అనువదించడం పొరపాటు. అది ఆముదమే.

చేతికీ మట్టకూ ఒకే మాట వాడటం లాటిన్‌లో మాత్రమే జరిగింది కాదు. హీబ్రూలో ‘కఫ్’ అంటే అరచేయి. ఖర్జూరపు మట్టలను కూడా ఆ భాషలో అదే మాట బహువచనంతో చెబుతారు. ఆ పేరుగల అక్షరం నుంచే గ్రీకు ‘కప్పా’, రోమన్ లిపిలోని కకారపు అక్షరం వచ్చాయి. సంస్కృతంలో కూడా పైకి చూస్తే ఇటువంటిదే కనిపిస్తుంది. ‘తలం’ అంటే చదునైన చోటు, అందులోంచి కరతలం. ‘తాళం’ అంటే చేతులు చరిచిన చప్పుడు, దాని నుంచి సంగీతంలోని తాళం. అమరకోశం ప్రకారం బొటనవేలి కొన నుంచి చాచిన నడిమివేలి కొన దాకా ఉండే కొలత పేరు కూడా తాళమే. శిల్పశాస్త్రంలో విగ్రహం ఎత్తును నవతాళం, దశతాళం అని చెప్పే పద్ధతిలోనూ ఈ మాటే ఉంది. వీటన్నిటి పక్కన తాటిచెట్టు పేరు తాళవృక్షం. ఇంత దగ్గరగా ఉన్నా, చెట్టు పేరు చేతి పేరు నుంచే పుట్టిందని లాటిన్‌ను చూసి తేల్చేయడం తగదు. చెట్టు పేరు ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలోకి వెళ్లిందని భావించే పండితులు ఉన్నారు. తెలుగులోని తాడి, తాటి అనే రూపాలను చూస్తే ఆ వాదానికి బలం ఉందని నాకు అనిపిస్తుంది. లాటిన్‌లో పోలిక వల్ల అర్థం విస్తరించింది. సంస్కృతంలో, నాకు తోచినంతవరకు, రెండు వేర్వేరు పదాలు ధ్వనిలో దగ్గరయ్యాయి.

చేతి నుంచి చెట్టుకు వెళ్లిన ఊహ పండు దాకా కూడా వెళ్లింది. ఖర్జూరపు పండును ఇంగ్లీషులో ‘డేట్’ అంటారు. అది గ్రీకు ‘డాక్టిలోస్’ నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట, దాని అర్థం వేలు. పండు ఆకారం వల్ల ఆ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. ఒక సెమిటిక్ పదాన్ని, అంటే హీబ్రూ, అరబ్బీల భాషాకుటుంబానికి చెందిన మాటను, గ్రీకులు తమకు తెలిసిన వేలి పేరుకు దగ్గరగా మలచుకున్నారని మరికొందరి అభిప్రాయం. ఏది నిజమైనా, ఖర్జూరం శాస్త్రనామం ‘ఫీనిక్స్ డాక్టిలిఫెరా’లో ఆ వేలు అలాగే ఉంది. ఛందస్సు తెలిసినవారికి ఒక మాట: గ్రీకు ఛందస్సులో ఒక గురువు, రెండు లఘువులు గల గణాన్ని కూడా వేలి కణుపుల వరుసను బట్టి ‘డాక్టిల్’ అన్నారు. అది మన భగణం.

ఇక అనువాదంలో ఎక్కువ పొరపాట్లు జరిగే చోటుకు వస్తాను. ‘పామ్’ అనగానే తాటిచెట్టు అని రాయడం చాలా సందర్భాల్లో తప్పు. ఇంగ్లీషులో ‘పామ్’ ఒక చెట్టు పేరు కాదు, దాదాపు 2,600 జాతులున్న ఒక పెద్ద కుటుంబం పేరు. తాటి, కొబ్బరి, ఈత, ఖర్జూరం, పోక, జీలుగు, శ్రీతాళం అన్నీ అందులోనివే. బుట్టలు, కుర్చీలు అల్లే పేము కూడా ఆ కుటుంబంలోదే అంటే చాలామంది నమ్మరు, ఎందుకంటే అది నిటారుగా నిలవకుండా ఇతర చెట్లను పట్టుకొని పాకుతుంది. ప్రపంచంలో అతి పెద్ద గింజ సేషెల్స్ దీవుల్లో పెరిగే ‘కోకో ద మేర్’ అనే పామ్‌ది. శ్రీతాళం దశాబ్దాల పాటు పెరిగి, జీవితంలో ఒక్కసారే పూచి, కాయలు పండిన తరువాత చనిపోతుంది. తెలుగులో ఈ కుటుంబానికంతటికీ వాడుకలో ఉన్న ఒకే పేరు లేదు, అందుకే నిఘంటువుకు తాటి తట్టింది. నా పద్ధతి ఇది: పాఠంలో జాతి తెలిస్తే ఆ జాతి పేరే రాస్తాను. ఎడారి ఒయాసిస్సు గురించి చెబుతుంటే ఖర్జూరం, పగడపు దీవి తీరం గురించి చెబుతుంటే చాలా వరకు కొబ్బరి, ‘పామైరా’ అని ఉంటే తాటి. జాతి తెలియనప్పుడు, కుటుంబం మొత్తాన్ని ఉద్దేశించినప్పుడు ‘తాళజాతి వృక్షాలు’ అనో, ‘పామ్ చెట్లు’ అనో రాస్తాను. రెండోది అరువు మాటే అయినా పాఠకుడిని తప్పుదారి పట్టించదు.

‘పామైరా’ అనే మాట గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. పోర్చుగీసులో పామ్ చెట్టును ‘పల్మెయిరా’ అంటారు. తాటిని వారు ఆ సామాన్యనామంతోనే పిలవగా, ఇంగ్లీషువారు దాన్ని ఆ ఒక్క జాతికి పేరుగా తీసుకున్నారు. సిరియాలోని ప్రాచీన నగరం పామైరా ప్రభావంతో వర్ణక్రమం మారింది గానీ, తాటిచెట్టుకూ ఆ నగరానికీ సంబంధం లేదు. తాటి శాస్త్రనామం ‘బొరాసస్ ఫ్లాబెల్లిఫర్’లోని రెండో మాటకు విసనకర్రను మోసేది అని అర్థం. సంస్కృతంలో విసనకర్రను ‘తాళవృంతం’ అనడం దీని పక్కన పెట్టి చూస్తే ఆకు ఆకారం ఎంత బలంగా మనసును పట్టిందో తెలుస్తుంది.

ఇంకో పొరపాటు ‘కొమ్మ’ దగ్గర జరుగుతుంది. ఇంగ్లీషులో పామ్ ‘బ్రాంచ్’ అని ఉంటే అనువాదకులు ‘తాటి కొమ్మ’, ‘ఖర్జూరపు కొమ్మ’ అని రాసేస్తారు. ఈ చెట్లలో చాలావాటికి కొమ్మలే ఉండవు. ఇవి ఏకదళబీజాలు, అంటే గడ్డికీ వెదురుకూ ఉన్న తరగతివి. బోదె మిగతా చెట్ల మాదిరిగా ఏటా ఒక్కో వలయం చొప్పున లావెక్కదు. చెట్టు పెరుగుదల అంతా తలమీది ఒకే మొవ్వులో ఉంటుంది, ఒంటి బోదె గల జాతుల్లో ఆ మొవ్వును నరికితే చెట్టు చచ్చిపోతుంది. ఇంగ్లీషువారు కొమ్మ అన్నది నిజానికి కాడతో కూడిన ఒక పెద్ద ఆకు. దానికి తెలుగులో మట్ట అనే సరైన మాట ఉంది. ఆకు భాగాన్ని కమ్మ అనీ, నడిమి పుల్లను ఈనె అనీ, కాయల గుత్తిని గెల అనీ అంటాము. ఇంత స్పష్టమైన మాటలు మనకు ఉండగా ఇంగ్లీషు వైపు చూస్తూ కొమ్మ అని రాయడం నాకు బాధ కలిగిస్తుంది. యోహాను సువార్త తెలుగు అనువాదంలో జనం ‘ఖర్జూరపు మట్టలు’ పట్టుకొని ఎదురువెళ్లారని ఉంది. ఆ అనువాదకులు చెట్టునూ, దాని భాగాన్నీ రెండింటినీ సరిగ్గా పట్టుకున్నారు. ఈస్టరుకు ముందు వచ్చే ‘పామ్ సండే’ని మట్టల ఆదివారం అనడం దీనికి అనుగుణమే. ఈ చెట్లు పెరగని ఉత్తర యూరప్‌లో ఆ రోజుకు విల్లో వంటి ఇతర చెట్ల రెమ్మలు వాడేవారు, ఇంగ్లండులో ఆ రెమ్మలకే ‘పామ్’ అనే పేరు స్థిరపడింది. కాబట్టి పాత ఇంగ్లీషు పల్లె వర్ణనల్లో వసంతకాలపు వాగు ఒడ్డున ‘పామ్’ కనిపిస్తే అది విల్లో కావచ్చు.

పేరులో పామ్ ఉండి కుటుంబంలో లేని మొక్కలు కూడా ఉన్నాయి. కుండీల్లో పెంచే ‘సాగో పామ్’ నిజానికి సైకస్ అనే వేరే కుటుంబపు మొక్క. విసనకర్రలా పరచుకొనే ‘ట్రావెలర్స్ పామ్’ అరటికి దగ్గరి చుట్టం. ముళ్లతో నిండిన ‘మడగాస్కర్ పామ్’ గన్నేరు కుటుంబానికి చెందుతుంది. వీటిని తాళజాతి అని అనువదించకుండా పేరును అలాగే ఉంచడం మంచిది.

మీ మూడో వాక్యంలోని నూనెకు ఇప్పుడు వస్తాను. ‘పామ్ ఆయిల్’ తాటి నూనె కాదు. అది పశ్చిమ ఆఫ్రికాలో పుట్టిన ‘ఎలేయిస్ గినీన్‌సిస్’ అనే చెట్టు పండ్ల గుజ్జు నుంచి తీసే నూనె. అదే పండు గింజలోని పప్పు నుంచి తీసే నూనె వేరు, దాన్ని ‘పామ్ కెర్నల్ ఆయిల్’ అంటారు, రెండింటి గుణాలూ ఒకటి కావు. తెలుగులో చెట్టును ‘ఆయిల్‌పామ్’ అనీ, నూనెను ‘పామాయిల్’ అనీ చెప్పే అలవాటు ఇప్పటికే స్థిరపడింది. ఈ రెండు మాటలనూ తారుమారు చేయకుండా వాడితే చాలు, కొత్త మాట పుట్టించనక్కరలేదు. 1840లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్మాన్ ఫ్రెమీ ఈ నూనె నుంచి పదహారు కార్బన్ పరమాణువులు గల కొవ్వు ఆమ్లాన్ని వేరుచేశాడు. దానికే ‘పామిటిక్ ఆమ్లం’ అని పేరు. ఇది పామ్ చెట్లలోనే ఉంటుందని పేరును చూసి అనుకోకూడదు, జంతువుల కొవ్వులోనూ మన శరీరంలోనూ ఉంటుంది. మందుల మీదా సౌందర్య సాధనాల మీదా ‘పామిటేట్’ అని కనిపించేది దీని లవణమో ఎస్టరో అయి ఉంటుంది. 1942లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లూయిస్ ఫీజర్ బృందం తయారుచేసిన దహనాస్త్రం ‘నాపామ్’ పేరులోని రెండో సగం కూడా ఈ పామిటేట్ నుంచే వచ్చింది, మొదటి సగం నాఫ్తినేట్ నుంచి. అరచేతికి పెట్టిన పేరు ఒక చెట్టు మీదుగా, ఒక నూనె మీదుగా, ఒక ఆమ్లం మీదుగా మనుషులను కాల్చే ఆయుధం దాకా వెళ్లడం ఈ పదచరిత్రలో నన్ను అన్నిటికన్నా కలచివేసే సంగతి.

గెలుపు అర్థం చెట్టు వైపు నుంచి వచ్చింది, చేతి వైపు నుంచి కాదు. గ్రీకు క్రీడల్లో గెలిచినవారి చేతికి ఖర్జూరపు మట్ట ఇచ్చేవారు. ఆ ఆచారం గ్రీసు నుంచి వచ్చి క్రీ.పూ. 293లో రోములో మొదలైందని చరిత్రకారుడు లివీ రాశాడు. లాటిన్‌లో కాలక్రమేణా ‘పల్మా’ అంటే గెలుపు అనే అర్థమే ఏర్పడింది. క్రైస్తవులు అదే మట్టను మృత్యువు మీద గెలుపుగా భావించి హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి, చిత్రాల్లో వారి చేతికి ఇచ్చారు. కాన్ చలనచిత్రోత్సవంలో 1955లో మొదలైన ‘పల్మ్ దోర్’ బహుమతి పేరుకు అర్థం బంగారు మట్ట. దాన్ని కొందరు ‘బంగారు అరచేయి’ అని రాయడం చూశాను, అది పూర్తిగా తప్పు. మీ రెండో వాక్యంలో ‘పామ్‌ను మోసుకుపోయాడు’ అన్నట్లున్న ఇంగ్లీషు జాతీయానికి ‘విజయం దక్కించుకున్నాడు’ అనో, సందర్భం పదిమందిలో మొదటి గౌరవాన్ని సూచిస్తే ‘అగ్రతాంబూలం అందుకున్నాడు’ అనో రాయవచ్చు. ‘పైచేయి సాధించాడు’ అనడం కూడా తప్పు కాదు గానీ, ఇద్దరి మధ్య పోటీ ఉన్నప్పుడే అది అతుకుతుంది. వైభవంగా గడిచిన కాలాన్ని ఇంగ్లీషులో ‘పామీ డేస్’ అనడం కూడా ఈ అర్థానికి చెందినదే.

చేతి వైపు జాతీయాల్లో తెలుగు ఎక్కడా వెనకబడదు. లంచం ఇవ్వడాన్ని ఇంగ్లీషువారు అరచేతికి జిడ్డు పూయడంగా చెబితే మనం చేయి తడపడం అంటాము. పనికిరాని సరుకును మాయచేసి ఒకరికి కట్టబెట్టడాన్ని వారు ‘పామ్ ఆఫ్’ అంటారు, మనకు ‘అంటగట్టడం’ ఉంది. ఆ క్రియకు మూలం గారడీవాడు నాణేన్నో పేకముక్కనో అరచేతిలో దాచి లేనట్లు చూపించడం. ఒకరు తమ అరచేతిలో ఉన్నారని ఇంగ్లీషులో ఉంటే మనం ‘గుప్పిట్లో పెట్టుకున్నాడు’ అనాలి. ‘అరచేతిలో వైకుంఠం చూపించాడు’ అని రాస్తే అర్థం మారిపోతుంది, అది లేనిపోని ఆశలు కల్పించడం. ‘కరతలామలకం’ అంతకన్నా దూరం, అది ఒక విషయం క్షుణ్ణంగా తెలియడాన్ని చెబుతుంది. అరచేయి అనే మాట రెండు భాషల్లోనూ ఉంది గదా అని జాతీయాన్ని జాతీయంతో కళ్లు మూసుకొని మార్చకూడదు. ఒక చేతిని దొప్పలా చేసి పట్టే పరిమాణానికి ఇంగ్లీషులో ‘పామ్‌ఫుల్’ అని ఒకటే మాట ఉంటే, మనకు చేరెడు, పుడిసెడు, రెండు చేతులూ కలిస్తే దోసెడు, వేళ్లు ముడిస్తే పిడికెడు ఉన్నాయి. సందర్భాన్ని బట్టి ఎంచుకోవడమే పని. వైద్యగ్రంథాల్లో ‘పామర్’ అనే విశేషణం అరచేతికి సంబంధించినదని చెబుతుంది, అరికాలితో కలిపి ‘పామోప్లాంటార్’ అంటారు. వెంట్రుకలు లేకపోవడం, నూనె గ్రంథులు లేకపోవడం, చెమట గ్రంథులు దట్టంగా ఉండటం ఈ రెండు చోట్ల చర్మానికీ సమానం కాబట్టి ఆ జోడింపు అవసరమైంది. దుప్పి జాతుల్లో కొమ్ము పలకగా విస్తరించిన భాగాన్నీ, తెరచాపలు కుట్టేవారు సూదిని నెట్టడానికి చేతికి తొడిగే తోలుపట్టీనీ కూడా ‘పామ్’ అంటారు. ఇవన్నీ చేతి శాఖలోనివే.

మీ మొదటి వాక్యంలోని కొలత కూడా ఈ శాఖదే. ఈజిప్టు కొలతల్లో నాలుగు వేళ్ల వెడల్పు ఒక ‘పామ్’. సాధారణ మూరకు ఆరు పామ్‌లు, రాజమూరకు ఏడు. ఏడు అంటే ఇరవై ఎనిమిది వేళ్లు, నేటి లెక్కలో 52 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. దీనికి తెలుగులో బెత్తెడు అనే మాట అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే బెత్త కూడా నాలుగు వేళ్ల వెడల్పే. భారతీయ కొలతల్లోని హస్తం ఇరవై నాలుగు అంగుళాలు, ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు. అది ఈజిప్టు సాధారణ మూరలోని ఆరు నాలుగులకు సరిగ్గా సమానం. అయితే ఒక హెచ్చరిక: రోమన్ల ‘పల్మస్’ పాదంలో నాలుగో వంతు, అంటే సుమారు 7.4 సెంటీమీటర్లు కాగా, తరువాతి కాలపు ఇటలీ, పోర్చుగల్ కొలతల్లోని ‘పాల్మో’ ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది. మొదటిది బెత్తెడు, రెండోది జానెడు. మీ పాఠం ఈజిప్టు గురించి కాబట్టి బెత్తెడు అనే రాయండి.

మిగిలింది ‘పామర్’ అనే మనిషి. మధ్యయుగంలో యెరూషలేము యాత్ర చేసి, అందుకు గుర్తుగా ఖర్జూరపు మట్టనో, మట్టను మడిచి చేసిన గుర్తునో ధరించి తిరిగివచ్చిన యాత్రికుణ్ణి ఇంగ్లీషులో అలా పిలిచేవారు. తరువాత అది ఇంటిపేరు కూడా అయింది. మీరు దాన్ని ‘పామర్’ అని తెలుగు లిపిలో ఉంచేశారు. చదివేవారికి అది పామరుడిలా వినిపించే ప్రమాదం ఉంది, పైగా వైద్యంలోని ‘పామర్’తోనూ కలిసిపోతుంది. ఇంటిపేరైతే మార్చలేము కాబట్టి అలాగే ఉంచాలి. మీ వాక్యంలో అది ఇంటిపేరు కాదు, కోట ద్వారం దగ్గర ఆశ్రయం అడుగుతున్న ఒక ముసలివాడు. అక్కడ ‘యెరూషలేము నుంచి మట్టతో తిరిగివచ్చిన యాత్రికుడు’ అని మొదటిసారి విడమరిచి రాసి, ఆ తరువాత అతడు వచ్చిన ప్రతిచోటా ‘యాత్రికుడు’ అంటే సరిపోతుంది.